మిలిటరీ వేలం ట్రైలరు: పాటకు ముందు వేయవలసిన లెక్కలు

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల రవాణా వర్తకులకు మిలిటరీ వేలం సరుకు కొత్త కాదు. 1945లో రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత మిత్ర సైన్యాలు దేశంలో వదలి వెళ్లిన జీపులు, షెవర్లే, ఫోర్డు, డాడ్జి లారీలు వేలానికి వచ్చినప్పుడే 'డిస్పోజల్' అనే మాట తెలుగు బజారు మాటలలో కలిసిపోయింది. అప్పటికి చిత్తూరు జిల్లా మద్రాసు రాజధానిలోనే ఉన్నది. ఆ తరువాత జబల్‌పూర్‌లో తయారైన శక్తిమాన్, నిస్సాన్ బండ్లు సైన్యంలో వయసు తీరి అదే దారిన బజారుకు వచ్చాయి. వాటి వెనుక లాగే ట్రైలర్లు కూడా వచ్చాయి గాని, లారీల మీద చూపిన శ్రద్ధ కొనుగోలుదారులు ట్రైలర్ల మీద చూపలేదు. ఇంజను లేని బండి కదా, చెడిపోవడానికి ఏమున్నది అన్న అభిప్రాయం నేటికీ బలంగా ఉన్నది. ఆ అభిప్రాయం ఖరీదైనది.

బండిని మోసే బండికి ఈ రెండు జిల్లాలలో గిరాకీ తక్కువేమీ కాదు. కుప్పం, పలమనేరు వైపు గ్రానైటు క్వారీలకు మట్టి తవ్వే యంత్రాలు వెళ్లాలి, మరమ్మతుకు తిరిగి రావాలి. శ్రీకాళహస్తి, నాయుడుపేట వైపు వరి కోతల కాలంలో చైను హార్వెస్టర్లు ఊరి నుంచి ఊరికి మారుతూ ఉంటాయి. ట్రాక్టరు డీలర్లకు కొత్త బండ్లు దింపుకోవాలి. మొగిలి ఘాటులోనో, భాకరాపేట ఘాటులోనో దెబ్బతిన్న వాహనాలను షెడ్డుకు చేర్చాలి. కొత్త లోబెడ్ ట్రైలరు ఖరీదు భరించలేని చిన్న యజమాని చూపు సహజంగానే వేలం సరుకు మీద పడుతుంది. రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి, తిరువళ్ళూరు మీదుగా వెళితే ఒక పూట ప్రయాణంలో సైనిక స్థావరాలకు, భారీ వాహనాల ఫ్యాక్టరీకి పేరుపడిన ఆవడి ఉన్నది. ఇంత దగ్గరలో ఉండడం ఈ ప్రాంత వర్తకులకు ఒక సదుపాయం: సరుకును కళ్లతో చూసి పాట పాడవచ్చు. చూడకుండా పాడేవారే ఎక్కువగా నష్టపోతున్నారు.

మొదట కాగితం, తరువాత ఇనుము

మామూలుగా ఇనుము చూసి, నచ్చితే కాగితాల సంగతి విచారిస్తారు. మిలిటరీ ట్రైలరు విషయంలో ఈ క్రమం తలకిందులు కావాలి. కారణం ఇటీవలి నిబంధనలే.

2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధన 52ఎ ప్రకారం ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను 15 సంవత్సరాలతో ముగిసిపోతుంది. అటువంటి వాహనాలను రిజిస్టరైన తుక్కు కేంద్రాల ద్వారానే వదిలించుకోవాలి. దేశరక్షణకు, శాంతిభద్రతలకు వాడే ప్రత్యేక తరహా వాహనాలకు మినహాయింపు ఉన్నది. ట్రైలరుకు ఇంజను లేదు కనుక ఇది వర్తించదని కొందరు దలాలీలు చెబుతుంటారు. అది సరికాదు. 1988 మోటారు వాహనాల చట్టంలో మోటారు వాహనం అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే ట్రైలరు కూడా చేరి ఉన్నది.

అందుచేత వేలం జాబితా చేతికి రాగానే చూడవలసిన మొదటి విషయం లాటు ధర కాదు, లాటు స్వభావం. అది రోడ్డు మీద తిప్పుకోవడానికి అమ్ముతున్న వాహనమా, తుక్కు కేంద్రాలకు మాత్రమే అమ్ముతున్న సరుకా అన్నది షరతులలో రాసి ఉంటుంది. తుక్కు కింద అమ్మిన ట్రైలరును ఎంత బాగు చేసినా రవాణా శాఖ కార్యాలయంలో నెంబరు పుట్టదు. పూర్వం ఈ అమ్మకాలు చూసిన సరఫరాలు, డిస్పోజల్స్ డైరెక్టరేట్ జనరల్ 2017లో మూతపడింది. 1964లో స్థాపించిన ఎం.ఎస్.టి.సి. ద్వారా ఇప్పుడు కంప్యూటరు మీద వేలాలు జరుగుతున్నాయి. పాట పద్ధతి మారినా 'ఉన్నచోట, ఉన్నది ఉన్నట్టుగా' అనే పాత షరతు మారలేదు. సుత్తి పడ్డాక, అంటే ఈనాడు తెర మీద గడువు ముగిశాక, టైరు లేదని గాని, ఇరుసు విరిగిందని గాని ఫిర్యాదు చేయడానికి వీలుండదు.

వయసు తెలుసుకోవడానికి మిలిటరీ నెంబరే సగం చెబుతుంది. పైకి చూపే బాణం గుర్తు తరువాత వచ్చే రెండంకెలు ఆ వాహనం సైన్యంలో చేరిన సంవత్సరం. బాణం తరువాత 12 అని ఉంటే 2012 నాటిదని అర్థం. నెంబరు పలకను ఎవరైనా మార్చవచ్చు కనుక చాసిస్ మీద కొట్టిన అంకెతోను, తయారీదారు బిగించిన రేకుతోను పోల్చి చూసుకోవాలి. పచ్చ రంగు పూతల కింద ఆ రేకు కనిపించకపోవచ్చు. ఒక పాత గుడ్డ, కొద్దిగా టిన్నరు జేబులో ఉంచుకుని వెళ్లడం మంచిది. అయితే గీకే ముందు అక్కడి అధికారి అనుమతి అడగాలి.

సైన్యంలో ఉన్నంతకాలం ఆ వాహనానికి చట్టంలోని 60వ సెక్షను కింద ప్రత్యేక రిజిస్ట్రేషను ఉంటుంది. రక్షణ పనుల నుంచి తప్పుకోగానే అది చెల్లదు. అందరిలాగే 39, 40 సెక్షన్ల కింద కొత్తగా రిజిస్టరు చేయించాలి. ఇందుకు కేంద్ర నిబంధన 47 రెండు ప్రత్యేక కాగితాలు అడుగుతుంది. ఒకటి, మాజీ సైనిక వాహనం కనుక సంబంధిత అధికారి ఇచ్చిన అసలు అమ్మకపు సర్టిఫికెట్టు, ఫారం 21లో. రెండు, ట్రైలరు కనుక దాని డిజైనుకు రాష్ట్ర రవాణా అధికారుల ఆమోదపు ఉత్తర్వు నకలు. మొదటి కాగితం డిపోలో చేయి చాచి అడిగితే వచ్చేదే. చాలామంది సరుకు తోలుకు రావాలన్న తొందరలో డెలివరీ ఆర్డరుతో సరిపెట్టుకుని వచ్చేస్తారు. తరువాత ఆ అధికారి బదిలీ అయి ఉంటాడు, ఫైలు మరో చోటికి పోయి ఉంటుంది. రెండవ కాగితం దగ్గరే అసలు చిక్కు. సైన్యం తన అవసరానికి చేయించుకున్న బండి కొలతలు పౌర నిబంధనలకు సరిపోవాలని లేదు. వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదన్నది సాధారణ నియమం. ట్యాంకులను మోసే ట్రైలర్లు మూడు మీటర్లు దాటి ఉంటాయి. అది చవకగా పడినదని సంతోషించిన మనిషి, ప్రతి ప్రయాణానికి అధిక కొలతల అనుమతి కోసం తిరగవలసి వచ్చినప్పుడు సంతోషాన్ని మరచిపోతాడు. ఆ బల్లను రెండు వైపులా కోసి వెడల్పు తగ్గిస్తామనే వెల్డింగు షాపులు ఉన్నాయి. కోసినది ఆమోదం పొందిన డిజైను కాదు. పైగా బరువు మోసే దూలాన్నే కోసేస్తే మిగిలేది బల్ల చెక్క మాత్రమే.

ఇదివరకే ఎవరో కొని, పౌర నెంబరు వేయించి, కొంతకాలం తిప్పిన మాజీ మిలిటరీ ట్రైలర్లు కూడా బజారులో దొరుకుతాయి. ధర ఎక్కువ చెబుతారు. ఆ ఎక్కువ ధరలో కాగితాల శ్రమ, ఆరు నెలల కాలం ఇమిడి ఉన్నాయని గుర్తిస్తే అది అన్యాయపు ధర కాదని తేలుతుంది. క్వారీ గోడల లోపల, ఫ్యాక్టరీ ఆవరణలో మాత్రమే వాడుకునే వారి సంగతి వేరు. వారు గేటు దాటి రోడ్డెక్కనంతవరకే ఆ వెసులుబాటు.

మోయవలసినది ఎంత?

ట్రైలరు ఎన్ని టన్నులది అని అడగడం కన్నా, మోయవలసిన బండి ఎంత తూగుతుంది అని అడగడం ముందు జరగాలి. సాధారణ ట్రాక్టరు రెండు టన్నులకు అటూ ఇటూగా ఉంటుంది. బజారులో అందరూ జేసీబీ అని పిలిచే, ముందు తొట్టి వెనుక బకెట్టు గల యంత్రం ఏడున్నర టన్నుల వరకు తూగుతుంది. క్వారీలలో పనిచేసే మధ్యరకం ఎక్స్‌కవేటరు ఇరవై టన్నుల ప్రాంతంలో ఉంటుంది. ఈ మూడింటికీ ఒకే ట్రైలరు సరిపోదు. మూడింటికీ సరిపోయేది కొంటే ట్రాక్టర్ల బేరానికి డీజిలు దండగ.

మిలిటరీ ట్రైలరు మీద రాసే టన్నుల అంకె దగ్గర పౌర వర్తకులు రెండు విధాలుగా పొరబడుతున్నారు. సైనిక బండ్లకు గుంతలలోను, ఇసుకలోను నడవడానికి ఒక రేటు, మంచి రోడ్డు మీద నడవడానికి మరో రేటు ఉంటుంది. రాసే అంకె తరచుగా మొదటిదే. అందుకని 'ఒక టన్ను అంటే రెండు టన్నులు వేసుకోవచ్చు' అనే మాట పుట్టింది. అందులో కొంత నిజం ఉన్నా, ఇరవై ఏళ్లు ఎండలో నిలబడిన స్ప్రింగు పట్టీలకు ఆ నిజం వర్తించదు. రెండవ పొరబాటు సొంత బరువును మరచిపోవడం. సైనిక ట్రైలరు దిట్టమైన ఇనుముతో కట్టినది, ఖాళీగానే బరువు. ఉదాహరణకు మొత్తం బరువు 8 టన్నులకు ఆమోదం ఉన్న ట్రైలరు ఖాళీగా 2.8 టన్నులు తూగితే మిగిలేది 5.2 టన్నులు. రెండు ట్రాక్టర్లు ఎక్కుతాయి. జేసీబీ ఎక్కదు. 'ఎనిమిది టన్నుల ట్రైలరు, ఏడున్నర టన్నుల బండి, ఇంకా అర టన్ను మిగులు' అని చెప్పే దలాలీకి ఈ తీసివేత తెలియక కాదు.

2018 జులైలో కేంద్రం ఇరుసు బరువుల పరిమితిని పెంచింది. నాలుగు టైర్ల ఇరుసుకు 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు, జంట ఇరుసులకు 19 నుంచి 21 టన్నులకు పెరిగాయి. ఇది గరిష్ట పరిమితి మాత్రమే. పాత ఇరుసు ఆ పరిమితికి తట్టుకుంటుందని గాని, రిజిస్ట్రేషను సర్టిఫికెట్టులో ఆ అంకె దానంతట అదే చేరుతుందని గాని అర్థం కాదు. చెకింగులో చూసేది సర్టిఫికెట్టులోని అంకె. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చూసేదీ అదే.

బరువు ఎంత అన్నదానితో పాటు ఎక్కడ పడుతున్నది అన్నది కూడా లెక్కే. రెండు చక్రాల ట్రైలరు మీద బరువు ఇరుసుకు కొంచెం ముందు వైపు పడాలి; మొత్తం బరువులో సుమారు పదో వంతు ముందు కొక్కెం మీద ఆనాలి. అంతకంటే తగ్గితే వేగం పెరిగేసరికి తోక ఊగడం మొదలవుతుంది, ఆ ఊపు లాగే బండిని కూడా పక్కకు ఈడుస్తుంది. ఇరుసు నుంచి కొక్కేనికి 4 మీటర్లున్న ట్రైలరు మీద 1,200 కిలోల కారును ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్లు వెనక్కు జరిపితే కొక్కెం మీద 90 కిలోల బరువు తగ్గిపోతుంది. ఒక్క అడుగు తేడాతో బండి స్వభావమే మారిపోతుంది. నాలుగు చక్రాల తిరుగుడు బల్ల ట్రైలరుకు ఈ బాధ లేదు. దానికి వెనక్కు నడపడం అనే వేరే బాధ ఉన్నది. ముందు ఇరుసు ఒక వైపు, వెనుక ఇరుసు మరో వైపు తిరుగుతాయి. సందులలో బండ్లు దింపవలసిన పని అయితే అలవాటు లేని డ్రైవరు చేత కాదు.

ఎక్కించడం

బల్ల ఎత్తు సైనిక ట్రైలర్లలో పెద్ద లోపం. గుంతలు దాటడానికి పెద్ద చక్రాలు వేయడంతో బల్ల నేలకు మీటరు పైనే ఉంటుంది. మీటరు ఎత్తుకు మూడు మీటర్ల పొడవు గల ఎక్కుడు పలకలు వేస్తే వాలు సుమారు 19.5 డిగ్రీలు. నాలుగు మీటర్లవి వేస్తే 14.5 డిగ్రీలకు దిగుతుంది. చైను యంత్రం మొదటిది ఎక్కుతుంది. కారు ఎక్కే ప్రయత్నంలో మధ్యభాగం బల్ల అంచుకు తగిలి వేలాడుతుంది. పలకల పొడవు పెంచితే అవి బరువెక్కుతాయి, ఇద్దరు మనుషులు ఎత్తలేరు. అప్పుడు కప్పీ, చేతి వించి అవసరమవుతాయి. వేలంలో ట్రైలరుతో పాటు దాని పలకలు, గొలుసులు, వించి ఇస్తారో లేదో జాబితాలో రాసి ఉన్నదా అని చూడాలి. రాయలేదంటే ఇవ్వరనే లెక్క.

ఎత్తైన బల్ల మీద ఎత్తైన బండి నిలిపితే బరువు కేంద్రం పైకి పోతుంది. మైదానంలో కనిపించని ఈ లోపం భాకరాపేట మలుపులలో బయటపడుతుంది. ఊళ్లలో అడ్డంగా వేలాడే కరెంటు తీగలు, రైలు వంతెనల కింది ఎత్తు పలకలు సరేసరి. కొనబోయే ట్రైలరు మీద తన బండి నిలిపితే మొత్తం ఎత్తు ఎంతవుతుందో టేపుతో కొలుచుకుని కాగితం మీద రాసుకోవడం అయిదు నిమిషాల పని.

బ్రేకు లేనిది ఘాటు దిగదు

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టి చూడవలసినది బ్రేకు. ఇరవై మీటర్లకు ఒక మీటరు దిగే వాలులో పది టన్నుల ట్రైలరు ముందున్న లారీని దాదాపు అర టన్ను బలంతో నెడుతూనే ఉంటుంది. టైర్ల రాపిడి అందులో కొంత మాత్రమే తగ్గిస్తుంది. ఆ నెట్టుడునంతా లారీ బ్రేకులే ఆపాలంటే డ్రమ్ములు కాలి, లైనింగు పట్టు విడిచిపోతుంది. మొగిలి ఘాటు దిగే ప్రతి డ్రైవరుకూ కాలిన లైనింగు వాసన తెలుసు. ట్రైలరుకు సొంత బ్రేకు ఉండి, అది లారీ పెడలుతో కలిసి పనిచేస్తేనే ఆ బరువు తన భారాన్ని తాను ఆపుకుంటుంది.

పాత సైనిక ట్రైలర్లలో బ్రేకు ఒకే రకంగా ఉండదు. చిన్నవాటిలో లాగే బండి ఆగినప్పుడు ట్రైలరు ముందుకు నెట్టుకు వచ్చి, ఆ నెట్టుడుతోనే కడ్డీ లాగి పట్టే పద్ధతి ఉంటుంది. కొన్నింటిలో చేతి బ్రేకు తప్ప మరేమీ ఉండదు. పెద్దవాటిలో గాలి బ్రేకు. గాలి బ్రేకు ఉన్నదనగానే తృప్తి పడకూడదు. రెండు గొట్టాల పద్ధతిదా, లారీ కప్లింగులకు ఇది సరిపోతుందా అన్నది చూడాలి. పరీక్ష సులభమే. లారీకి తగిలించి గాలి నింపాక, ఎప్పుడూ గాలి సరఫరా చేసే ఎర్ర గొట్టాన్ని ఊడదీయాలి. ఆ క్షణంలో ట్రైలరు చక్రాలన్నీ వాటంతట అవే బిగుసుకోవాలి. దారిలో కొక్కెం తెగి ట్రైలరు విడిపోతే దాన్ని ఆపేది ఈ ఏర్పాటే. చక్రాలు బిగుసుకోకపోతే రిలే వాల్వు పాడైనదో, ఎవరో తీసేశారో, తొట్టికి చిల్లు పడిందో తేలాలి. డిపోలో ఈ పరీక్షకు లారీ దొరకదు. అటువంటప్పుడు బ్రేకు మొత్తం కొత్తగా వేయించాలన్న అంచనాతోనే పాట పాడాలి. పని చేస్తే లాభం అనుకోవచ్చు.

తగిలింపు దగ్గర కూడా రెండు లోకాలున్నాయి. సైనిక ట్రైలరుకు ముందు ఉంగరం, లాగే బండికి నోరు మూసుకునే కొక్కెం. పౌర జీపుకు గుండు, ట్రాక్టరుకు పిన్ను. ఉంగరాన్ని ట్రాక్టరు పిన్నుకు తగిలించి కొంతదూరం లాగవచ్చు. ఆ వదులు ప్రతి కుదుపులోను సుత్తి దెబ్బలా కొడుతుంది. అర్ధ ట్రైలరు అయితే దాని అడుగు పిన్ను రెండంగుళాలదా, మూడున్నర అంగుళాలదా కొలవాలి. బజారులో దొరికే లారీల అయిదో చక్రం సాధారణంగా రెండంగుళాలది. కొత్తగా ఉన్నప్పుడు 50.8 మిల్లీమీటర్లుండే ఆ పిన్ను రెండు మిల్లీమీటర్ల దాకా అరిగితే మార్చవలసిందే. వెల్డింగుతో నింపి లేతు పట్టించడం ఆ చోట చేయకూడని పని.

లైట్ల విషయం చిన్నది. సైనిక తీగల ఏర్పాటు 24 వోల్టులది. జీపు, ట్రాక్టరు 12 వోల్టులవి. సాకెట్టు రంధ్రాల లెక్క కూడా వేరు. తీగలన్నీ తీసేసి కొత్తవి వేయడమే చవక.

టైర్లు, రిమ్ములు

వేలం యార్డులో నిలబడ్డ ట్రైలరు టైర్లు చూసి కొనుగోలుదారు మోసపోవడం సహజం. గాట్లు నిండుగా ఉంటాయి, ఎక్కడా అరుగుదల కనిపించదు. అది తిరగని బండి టైరు. పక్క గోడ మీద నాలుగంకెల గుర్తు ఉంటుంది: మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. 2309 అంటే 2009వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. రాయలసీమ ఎండలో అంతకాలం నిలిచిన రబ్బరు పక్క గోడలో సన్నని పగుళ్లు వేస్తుంది. బరువు వేసి వంద కిలోమీటర్లు తిప్పితే పగులు నోరు తెరుస్తుంది. పాటలో టైర్లకు విలువ కట్టకపోవడమే క్షేమం.

సైజు మరో సంగతి. 9.00-20, 10.00-20 అయితే ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. 14.00-20 వంటి ఇసుక టైర్లు కావాలంటే చెన్నై పుదుప్పేటలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో వెతకాలి. స్టెప్నీకి ఒకటి కాదు, రెండు దాచుకోవాలి. బేరింగులకు కూడా ఇదే మాట. హబ్బు విప్పి బేరింగు మీది నెంబరు రాసుకుని, అది బజారులో ఉన్నదో లేదో ఒక ఫోనుతో కనుక్కుని, ఆ తరువాత పాట పాడితే పదివేలు మిగలవచ్చు.

రిమ్ము విషయంలో హెచ్చరిక అవసరం. కొన్ని పాత సైనిక చక్రాలు రెండు పళ్లాలను బోల్టులతో బిగించి చేసినవి. చక్రాన్ని హబ్బుకు పట్టే నట్లు లోపలి వరసలోను, రెండు పళ్లాలను కలిపి పట్టే నట్లు బయటి వరసలోను ఉంటాయి. గాలి తీయకుండా బయటి వరస విప్పితే లోపలి ఒత్తిడికి పళ్లెం తుపాకి గుండులా ఎగురుతుంది. ప్రపంచమంతటా పంక్చరు షాపులలో ఇలాగే ప్రాణాలు పోయాయి. ట్రైలరు కొన్న యజమాని ఈ సంగతి పంక్చరు వేసే కుర్రవాడికి తానే చెప్పాలి, నట్లకు ఎర్ర రంగు పూయించాలి. వాల్వు గుండీ పూర్తిగా తీసి, తీగ పెట్టి పొడిచి చూసి, గాలి లేదని రూఢి చేసుకున్నాకే పాన మీద చెయ్యి వేయాలి.

చట్రం చూసేటప్పుడు పచ్చ రంగు పూత నమ్మదగినది కాదు. చిన్న సుత్తితో మోగించుకుంటూ వెళితే మంచి ఇనుము గంటలా పలుకుతుంది, తుప్పు తిన్నది మూగగా ఉంటుంది. మెడ వంపు దగ్గర, స్ప్రింగు బ్రాకెట్ల దగ్గర పగుళ్లు మొదలవుతాయి. ముందు ఉంగరం నుంచి ఇరుసు రెండు కొసలకు టేపు పట్టి కొలిచినప్పుడు రెండు కొలతలు సమానంగా రావాలి. రాకపోతే ఆ ట్రైలరు ఎప్పుడో ఎక్కడో గట్టిగా తగిలినదే. అది రోడ్డు మీద వంకరగా నడుస్తుంది, టైర్లను తినేస్తుంది. "చూడన్నా, మిలిటరీ ఇనుము, ఏనుగెక్కినా వంగదు" అనే దలాలీని టేపు రెండో కొస పట్టుకోమని అడగడం మంచి పద్ధతి.

పాట లెక్క

ట్రైలరుకు ఒక అడుగు ధర ఉంటుంది: తుక్కు ధర. ఖాళీ బరువు 6 టన్నులు, తుక్కు కిలో 30 రూపాయలు అనుకుంటే 1,80,000 రూపాయలు. పాట ఈ అంకెకు దగ్గరగా ఉన్నంతసేపు నష్టభయం తక్కువ. కాగితాలు కుదరకపోయినా ఇనుము ఇనుముగా పోతుంది. దాన్ని దాటి పైకి వెళ్లే ప్రతి రూపాయీ, రోడ్డు మీద తిరుగుతుందన్న ఆశకు పెడుతున్న ధర. తుక్కు వర్తకుడు ఎక్కడ ఆగుతాడో గమనించినవారికి ఈ గీత పాటలోనే కనిపిస్తుంది.

పద్ధతి తెలియడానికి ఒక లెక్క చూడవచ్చు, అంకెలు ఊహించినవే. పాట 2,00,000 రూపాయలు. పన్ను నూటికి 18 చొప్పున 36,000. ఎనిమిది టైర్లు 1,20,000. బ్రేకు పని 40,000. బల్ల చెక్కలు, ఎక్కుడు పలకలు, లైట్లు 60,000. ఇంటికి చేర్చడానికి 20,000. డిజైను ఆమోదం, రిజిస్ట్రేషను, బీమా ఖర్చులు 40,000. మొత్తం 5,16,000 రూపాయలు. పాట పాడిన సొమ్ము ఇందులో అయిదింట రెండు పాళ్లు కూడా లేదు. ఈ డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినదైతే కాగితాలు రాక బండి షెడ్డులో నిలిచిన ప్రతి నెలా పదివేలకు పైగా తినేస్తుంది. వడ్డీ కూడా ట్రైలరు ఖరీదే. ఆరు నెలలు ఆలస్యమైతే అరవై వేలు, అంటే నాలుగు కొత్త టైర్లు.

ఆదాయం వైపు లెక్కలో చాలామంది మరచేది ఖాళీ తిరుగు ప్రయాణం. హార్వెస్టరును నాయుడుపేటలో దింపిన ట్రైలరుకు తిరిగి వచ్చేటప్పుడు సరుకు దొరకదు. బల్ల ట్రైలరు కనుక ఇటుకో, పైపులో వేసుకోవచ్చుననుకుంటే పక్క తలుపులు లేవు. కాబట్టి కిరాయిని రానుపోను దూరం మీద వేసుకోవాలి. ఏడాదికి ఎన్ని రోజులు పని ఉంటుందో నిజాయితీగా అంచనా వేయాలి. వరి కోతల రెండు సీజన్లు, క్వారీల అడపాదడపా పిలుపులు కలిపి వంద రోజులు కూడా నిండని ఊళ్లో, కిరాయికి పిలిపించుకోవడమే లాభం కావచ్చు. పొరుగు వర్తకుడితో కలిసి సగం వాటా కొనేవారూ ఉన్నారు. అటువంటప్పుడు సర్టిఫికెట్టు ఎవరి పేరున ఉంటే ప్రమాదంలో బాధ్యత వారిదేనన్న సంగతి ముందే రాసుకోవాలి. లాగే లారీకి బీమా ఉంటే చాలదు. ట్రైలరు ప్రత్యేక వాహనం కనుక పాలసీలో దాని నెంబరు కూడా చేరాలి. పైన ఎక్కించిన బండి ఖరీదుకు వేరే బీమా. ఇరవై అయిదు లక్షల యంత్రాన్ని అయిదు లక్షల ట్రైలరు మీద ఎక్కించి, గొలుసుల దగ్గర అయిదు వందలు మిగుల్చుకునే యజమానులను క్వారీ రోడ్ల మీద నేటికీ చూడవచ్చు.

తోలుకు రావడం

పాట దక్కినా అది ఆమోదానికి లోబడినదని షరతు ఉంటే, ఆమోదపు కబురు వచ్చేదాకా టైర్లు కొనకూడదు. కబురు వచ్చాక గడువులోగా డబ్బు కట్టాలి, గడువులోగా సరుకు ఎత్తాలి. గడువు దాటితే నేల అద్దె పడుతుంది, ఆ పైన డిపాజిట్టు పోతుంది. నెంబరు లేని ట్రైలరును లారీకి తగిలించి రోడ్డెక్కితే 207వ సెక్షను కింద పట్టి నిలిపివేసే అధికారం ఉన్నది. తాత్కాలిక రిజిస్ట్రేషను తీసుకోవాలి, లేదా మరో లోబెడ్ మీద ఎక్కించి తేవాలి. రాష్ట్రం సరిహద్దు మధ్యలో ఉండడంతో తమిళనాడు వైపు చెకింగు, ఆంధ్ర వైపు చెకింగు రెండూ దాటాలి. అమ్మకపు కాగితాల అసలు ప్రతి ఒక సంచిలోను, నకళ్లు డ్రైవరు దగ్గర ఉంచడం వాడుక.

లాగి తేవాలనే నిర్ణయిస్తే వెంట ఇద్దరు మనుషులు, జాకీ, గాలి పంపు, గ్రీజు డబ్బా, రెండు మంచి టైర్లు, వెనుక కట్టడానికి ఎర్ర దీపం తీసుకువెళ్లాలి. ఏళ్ల తరబడి నిలిచిన హబ్బులలో గ్రీజు గడ్డకట్టి మైనంలా ఉంటుంది. దాన్ని కడిగి కొత్తది పెట్టకుండా బయలుదేరకూడదు. గంటకు ముప్ఫై కిలోమీటర్లు మించకుండా నడిపి, తిరువళ్ళూరు చేరగానే బండి ఆపి నాలుగు హబ్బుల మీద చెయ్యి పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉంటే ముందుకు పోవచ్చు. ఒకటి మాత్రం చెయ్యి ఆనించలేనంత కాలుతుంటే అక్కడే జాకీ వేసి బేరింగు విప్పాలి. పుత్తూరు వరకు ఎలాగో లాగేద్దామనుకుంటే చక్రం ఊడి పక్కన పోయే స్కూటరు వాడి మీదికి వెళ్లవచ్చు.